జాఫర్ వంచిన హ్యాండిలు

మార్కాపురంలో జాఫర్ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. నిలబడే పంచరు వేసేవాడు, నిలబడే చాయ తాగేవాడు. పని లేని పూట దుకాణం వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుండేవాడు. భార్య లాల్బీ అన్నం పెట్టి పిలిస్తే పళ్ళెం చేత్తో పట్టుకుని గడప దగ్గరికి వచ్చి, వీధిలోకి చూస్తా తినేవాడు.

"ఎవరన్నా తరుముకొస్తున్నారా?" అనేది ఆమె.

"ఎవరూ రాలేదు. అదే చూస్తాండా," అనేవాడు.

అతని తండ్రి కంభంలో జట్కా గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. జాఫర్ ఆ పని నేర్చుకున్నాడు గానీ దాంట్లో నిలవలేదు. హుబ్లీ రైలు కార్ఖానాలో మనుషులు కావాలంటే పోయి, కొన్నేళ్ళు ఇనుప గొట్టాలు వంచే పని చేసినాడు. అక్కడ పై మేస్త్రీ మంచివాడే, జీతమూ సక్రమంగానే వచ్చేది. అయినా ఒకరోజు పెట్టె సర్దుకుని రైలెక్కినాడు. నంద్యాలలో కొన్నాళ్ళు, పొదిలిలో కొన్నాళ్ళు తిరిగి, పలకల గనుల పుణ్యమా అని మార్కాపురంలో సైకిళ్ళు పెరుగుతున్నాయని విని, వచ్చి దుకాణం పెట్టినాడు. అప్పటికి నలభై దాటినాయి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం అది. రెండో పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు.

ఆ దుకాణానికి ఒకరోజు నిత్యానందం వచ్చినాడు. ముప్పై ఏళ్ళవాడు, సన్నటి మనిషి. మిషను వాళ్ళ ఉపదేశి. తర్లుపాడు నుంచి దోర్నాల దాకా చెదురుమదురుగా ఉన్న క్రైస్తవ పల్లెలకు పోయి ప్రార్థన పెట్టడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పెళ్ళికీ చావుకూ నిలబడడం అతని పని. అంతా కాలినడకనే తిరిగేవాడు. ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు చేరేసరికి కూలోళ్ళు పొద్దున్నే పనికి వెళ్ళిపోయేవాళ్ళు, లేదంటే అలిసి పడుకునేవాళ్ళు.

"సాయిబన్నా, సైకిలు ఒకటి చూసిపెట్టు. పాతదైనా పర్లేదు," అన్నాడు.

గిద్దలూరు స్టేషన్లో పనిచేసి బదిలీ అయిపోయిన ఒక రైల్వే దొర పందెం సైకిలు ఒకటి జాఫర్ దగ్గర ఉంది. దాని హ్యాండిలు కర్ర అడ్డం పెట్టినట్టు తిన్నగా, సీటుకన్నా దిగువన, బాగా ముందుకు ఉండేది. తొక్కేవాడు నడుము వంచి, ఒళ్ళంతా చేతుల మీద వేసి పోవాల్సిందే.

"గాలిని కోసుకుంటా పోతాది తమ్ముడా," అని జాఫరే దాన్ని మెచ్చుకుని ఇచ్చినాడు.

నిజంగానే కోసుకుంటా పోయింది. మొదటి ఏడాది నిత్యానందం సంతోషం అంతా ఇంతా కాదు. తర్వాత అరచేతుల అంచులు మొద్దుబారుతున్నాయని ఒకసారి చెప్పినాడు. జాఫర్ హ్యాండిలు పిడులకు పాత గుడ్డ చుట్టి ఇచ్చినాడు. ఇంకోసారి వచ్చినప్పుడు కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్క వేలూ తనవి కానట్టు ఉన్నాయన్నాడు. జాఫర్ ఇంకాస్త గుడ్డ చుట్టినాడు. ఆ దారి రాళ్ళ దారి. చక్రం ఎక్కిన ప్రతి రాయీ వచ్చి, మణికట్టును ఆనుకుని ఉండే అరచేతి మడమలోనే గుచ్చుకునేది.

పిల్లలకు 'అ' దిద్దిస్తుండగా బలపం చేతిలోంచి జారిపోవడం మొదలైంది. చొక్కా గుండీలు భార్య ఎలీషబా పెట్టాల్సి వచ్చింది. ఒకరోజు పొయ్యి మీది సట్టి దించబోయి, చిటికెన వేలు సట్టికి ఆనించే ఉంచినాడు. చర్మం కాలిన వాసన ముందు ఎలీషబాకు తగిలింది. ఆమె చెయ్యి లాగేదాకా అతనికి తెలియలేదు.

ఆ రోజుల్లో స్పర్శ లేని వేలంటే ఒకటే అర్థం. కుష్ఠు అనే పేరు ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు. పెద్దరోగం అనేవాళ్ళు. ఎలీషబా అతన్ని వాకిట్లో ఎండకు నిలబెట్టి, వీపు, మెడ, చెవులు అన్నీ చూసింది. ఎక్కడా మచ్చ కనపడలేదు. అయినా ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. ఆ తర్వాత అతను రోజూ బలపంతో వేలిని గీరుకుని చూసుకునేవాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఒక చెయ్యి ఇంకో చెయ్యిని తడుముకుంటానే ఉండేది.

కాలిన వేలికి గుడ్డ కట్టుకుని తిరిగితే దాగుతుందా? పల్లెల్లో మాట పాకింది. సంఘానికి పెద్ద ఇస్సాకు అనే ఆయన. చెడ్డవాడు కాదు, భయస్తుడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం నాడు అందరికీ ఒక గిన్నె అందించి, నిత్యానందానికి వేరే లోటాలో పోసి ఇచ్చినాడు. నిత్యానందం తాగి, లోటా తానే కడిగి బోర్లించినాడు.

మరుసటి రోజు ఎలీషబా అతన్ని మిషను ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ తొందరపడలేదు. వేళ్ళను పక్షి ఈకతో నిమిరింది, గుండుసూదితో గుచ్చింది, మోచేతి వెనక నరం వత్తి చూసింది, చెవి తమ్మె నుంచి నీరు తీసి భూతద్దం కింద పెట్టి చూసింది. అన్నీ అయినాక చెప్పింది: "ఇది నువ్వు అనుకునే జబ్బు కాదు. అరచేతి మడమలో నరం నలిగిపోతా ఉంది. సైకిలు మానెయ్. ఇట్లనే తొక్కితే వేళ్ళు ముడుచుకుపోతాయి, తర్వాత నేనేమీ చెయ్యలేను."

మనసు సగం తేలికపడింది, సగం పడలేదు. సైకిలు మానితే సగం పల్లెలకు పోలేడు. ఉపదేశి రాని పల్లెకు ఇంకో ఉపదేశిని పెట్టుకుంటారు. పైగా డాక్టరమ్మ మాట ఆస్పత్రి గోడల మధ్యనే ఉండిపోయింది. పల్లెలో జనం చూసేది వేళ్ళను, డాక్టరమ్మ రాసిచ్చే కాగితాన్ని కాదు. "జబ్బు కాకపోతే వేళ్ళకు స్పర్శ ఎందుకు రావడం లేదు?" అన్నాడు ఇస్సాకు.

నిత్యానందం దుకాణానికి వచ్చి ఇదంతా చెప్పినాడు. జాఫర్ ఆ మాటల మధ్యలోనే వీధిలోకి పోయి, మళ్ళీ లోపలికి వచ్చి, పానా తీసుకుని, పెట్టేసి, మళ్ళీ తీసుకున్నాడు. ఆ సైకిలు మెచ్చుకుని ఇచ్చింది తానే. గుడ్డ చుట్టి పంపింది తానే.

"సైకిలు ఇడిసిపెట్టి పో," అన్నాడు చివరికి.

ముందు ఆ హ్యాండిలునే పైకి లాగి బిగించినాడు. కాస్త ఎత్తు వచ్చింది గానీ చెయ్యి ఆనే చోటు మారలేదు. వేరే సైకిలు హ్యాండిలు వేసి చూసినాడు. అదీ అంతంతే. ఏ హ్యాండిలు వేసినా అరచేతులు కిందికే వాలుతున్నాయి, మడమ మీదే బరువు పడుతోంది. ఆ వారమంతా జాఫర్ దుకాణానికి వచ్చినవాళ్ళ పని సగం చేసి సగం మరిచిపోయినాడు. ఎదురుపడ్డ ప్రతివాడి చేతులూ చూసేవాడు. కావడి మోసేవాడు తాడు ఎట్ల పట్టుకున్నాడు, పలకల బండి తోసేవాడు ఎట్ల పట్టుకున్నాడు అని వెనకాలే నడిచేవాడు. ఒక బండివాడు తిట్టినాడు కూడా.

అట్ల ఉండగా ఒకరోజు సాయంత్రం, కడుపుతో ఉన్న ఒక ఆడమనిషిని పల్లె నుంచి మంచం మీద పడుకోబెట్టి ఆస్పత్రికి మోసుకొచ్చినారు. మోసేవాళ్ళలో నిత్యానందం ఒకడు. మంచం ముందుకాళ్ళ మధ్య దూరి, పట్టెలు రెండు చేతులా రెండు పక్కలా పట్టుకుని నడుస్తున్నాడు. ఆ తల్లిని లోపలికి చేర్చినాక, దారి నుంచీ వెనకాలే నడిచొచ్చిన జాఫర్ అతని దగ్గరికి పోయినాడు.

"చేతులు ఎట్లుండాయి?"

"ఏ చేతులు?"

"ఇంత దూరం మోసినావు గదా. తిమ్మిరెక్కినాయా?"

నిత్యానందం చేతులు చూసుకున్నాడు. "లేదన్నా. భుజాలు లాగుతాండాయి గానీ, వేళ్ళు ఎప్పటిలాగే ఉండాయి. కొత్తగా ఏం కాలేదు."

జాఫర్ అతన్ని అక్కడే ఇంకోసారి నిలబెట్టి ఖాళీ మంచం పట్టించినాడు. అరచేతులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి. మణికట్టు వంగలేదు. బరువు వేళ్ళ మీద ఉంది, అరచేతి మడమ మీద లేదు. జాఫర్ తండ్రి ఏ గుర్రానికైనా నాడా కొట్టే ముందు దాన్ని నాలుగడుగులు నడిపించి చూసేవాడు. ఆ పని విసుగని పారిపోయిన కొడుకు ఇప్పుడు ఆస్పత్రి వాకిట్లో వంగి, ఒక ఉపదేశి మణికట్లు చూస్తున్నాడు.

మరుసటి రోజు నుంచి పని మొదలైంది. పిడులు రెండూ వెనక్కి తిరిగి, తొక్కేవాడి పక్కలకు రావాల. ఒంపు మధ్య నుంచే మొదలవ్వాల. సైకిలు గొట్టం పలచన. వట్టిగా వంచితే నలిగి నొక్కుకుపోతాది. గుండ్లకమ్మ నుంచి ఇసుక తెచ్చి, ఎండబెట్టి, గొట్టంలో కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు బిగించి, బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, వేపమొద్దు చుట్టూ వంచినాడు. ఒంపు లోపలి పక్క చిన్న ముడత పడింది. సుత్తితో సాపు చేసినాడు.

బిగించి చూస్తే, మలుపు తిప్పినప్పుడు పిడి మోకాలికి తగిలింది. కాస్త బయటికి తెరిచినాడు. బ్రేకు కమ్మి పాత హ్యాండిలుకు చేసింది, కొత్తదానికి అందలేదు. రెండు కీళ్ళు పెట్టి కొత్త కమ్మి చేసినాడు. నడుము నిటారుగా అయ్యేసరికి బరువంతా సీటు మీద పడి కూర్చోలేకపోయినాడు నిత్యానందం. సీటు దించి, ముందుకు జరిపినాడు. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడేది. జాఫర్‌కు నిద్ర పట్టడం మానింది. అన్నం తింటా చెంచా వెనక్కి వంచుతుంటే లాల్బీ లాక్కుంది.

"మనిషి చేతికి ఇంత వంకర ఎందుకు పెట్టినాడో దేవుడు," అన్నాడు.

"దేవుడు తిన్నగానే పెట్టినాడు. మీరు దాన్ని వంకర సైకిళ్ళ మీద పెడతాండారు," అన్నది ఆమె.

మొత్తానికి నిత్యానందం కొత్త హ్యాండిలుతో బయల్దేరినాడు. మొదటి వారం అంతా బాగుంది. తిమ్మిరి పెరగలేదు. తర్వాత దోర్నాల దారిలో ఒక దిగుడులో, ముడత పడిన చోటే గొట్టం పుటుక్కున విరిగింది. ఒక పిడి చేతిలోకి వచ్చేసింది. నిత్యానందం రాళ్ళ మీద పడినాడు. శ్రీశైలం యాత్రకు పోయి తిరిగొస్తున్న బండివాళ్ళు ఎత్తుకొచ్చినారు. భుజం మీది గూడెముక విరిగింది.

కబురు తెలిసినాక జాఫర్ ఆస్పత్రి గేటు దాకా పోయి లోపలికి పోలేకపోయినాడు. తిరిగొచ్చి దుకాణం మూసినాడు. పొదిలికి పోదామా, నంద్యాలకు పోదామా అని పెట్టె బయటికి తీసినాడు. లాల్బీ పెట్టె మీద కూర్చుంది.

"ఈసారి నేను రాను. పోయేటోడివి ఆ మనిషి మొగం చూసి పో," అన్నది.

అతను పోయేలోపలే ఎలీషబా వచ్చింది. విరిగిన సైకిలు నడిపించుకుంటా, ఊడిన పిడి కొంగులో మూటగట్టుకుని వచ్చింది. జాఫర్ తలెత్తలేదు.

"తప్పు నాదేనమ్మా. కాల్చినప్పుడే గొట్టం చచ్చింది. ముడతను సుత్తితో కొట్టి ఇంకా చంపినా," అన్నాడు.

"అది నాకు తెలీదన్నా. ఒకటి మాత్రం తెలుసు. ఈ హ్యాండిలు పెట్టినాక ఆయన గుండీ ఒకటి తానే పెట్టుకున్నాడు. కిందిది, పెద్దది. ఒకటే," అన్నది ఆమె. "విరగనిది చెయ్యి. అయితే ఈసారి ముందు నువ్వు ఎక్కు. నువ్వు పడకుండా తిరిగొస్తేనే ఆయన ఎక్కుతాడు."

జాఫర్ పెట్టె లోపల పెట్టినాడు.

ఈసారి గిద్దలూరు పోయి రైల్వే పాత సామాను అమ్మే చోట వెతికినాడు. రైలు పెట్టెల్లో ఎక్కేవాళ్ళు పట్టుకునే చేతికమ్మి గొట్టం ఒకటి దొరికింది. మందంగా, గట్టిగా ఉంది. నిప్పు తగలనీయకుండా వంచాలంటే లోపల ఇసుక చాలదు. హుబ్లీలో చూసిన పద్ధతి గుర్తు తెచ్చుకుని, గుగ్గిలం కరిగించి గొట్టంలో పోసి, ఆరి గట్టిపడినాక, పెద్ద తుమ్మ అచ్చు మీద కొంచెం కొంచెంగా లాగినాడు. ఒకరోజు ఒక వేలు వెడల్పు, మరుసటి రోజు ఇంకో వేలు వెడల్పు. అంత నిదానం అతని ఒంటికి పడదు. గొట్టం అచ్చు మీద బిగించి వదిలి, దాన్ని చూడకుండా ఉండలేక వీధులన్నీ తిరిగొచ్చేవాడు. ఒంపు పూర్తయినాక సన్నసెగ మీద గుగ్గిలం కరిగించి పారబోసి చూస్తే, లోపలా బయటా ఒక్క ముడత లేదు.

అప్పుడు ఎలీషబాకు ఇచ్చిన మాట ప్రకారం తానే ఎక్కినాడు. వెనక క్యారియరు మీద పలకల కట్ట కట్టుకుని తర్లుపాడు, కంభం మీదుగా గిద్దలూరు పోయి వచ్చినాడు. దోర్నాల పోయినాడు, నిత్యానందం పడిన దిగుడులో బ్రేకు వేయకుండా దిగినాడు. పైకెక్కి మళ్ళీ దిగినాడు. ఎండాకాలం అంతా ఇదే పని. దుకాణం మూసి ఉందని జనం తిట్టుకున్నారు. దారిలో అతన్ని చూసినవాళ్ళు వరుడు గుర్రమెక్కినట్టు నిటారుగా కూర్చుని పోతున్నాడని నవ్వుకున్నారు. పలకలు చాలా పగిలినాయి. హ్యాండిలు చెక్కుచెదరలేదు.

నిత్యానందం గూడెముక అతుక్కున్నాక సైకిలు తీసుకున్నాడు. విశ్రాంతి కొంత, కొత్త హ్యాండిలు కొంత, నరానికి ఊపిరి దొరికింది. వానలు వెళ్ళేసరికి ఉంగరం వేలు తిన్నగా వచ్చింది. బలపం జారడం లేదు. చిటికెన వేలు మాత్రం కొంచెం ముడుచుకునే ఉండిపోయింది, చివరిదాకా.

ఒక ఆదివారం ఇస్సాకు అందరికీ అందించిన గిన్నెనే అతనికీ అందించినాడు. నిత్యానందం తీసుకుని తాగి పక్కవాళ్ళకు ఇచ్చినాడు. ఆ పూట ఇస్సాకు ఇంట్లో భోజనానికి పిలిస్తే మాత్రం, ఇంకో పల్లెలో పని ఉందని చెప్పి సైకిలెక్కినాడు. పని ఏమీ లేదని ఎలీషబాకు తెలుసు.

ఆ సైకిలు చూసి జనం అడగడం మొదలుపెట్టినారు. పోస్టు మోసేవాడు, గనుల మేస్త్రీ, పాలు పోసేవాడు. ఉపదేశి హ్యాండిలు అని దానికి పేరు పడింది. కర్నూలు నుంచి ఒక సైకిళ్ళ వ్యాపారి వచ్చి, అన్నీ ఒకే కొలతలో చేసి పంపమన్నాడు. జాఫర్ ఒప్పుకున్నాడు. ఒకే అచ్చు మీద కొన్ని లాగినాడు కూడా. అయితే మొదటిది ఎక్కిన పొడుగాటి రైతుకు మణికట్టు పట్టేసింది. రెండోదాని పిడులు పొట్టివాడికి అందలేదు. జాఫర్ వాటిని మళ్ళీ విప్పి వాళ్ళ చేతులకు సరిగ్గా వంచి కూర్చున్నాడు. వ్యాపారి రెండుసార్లు వచ్చి, మూడోసారి రాలేదు. జాఫర్‌కు అది దెబ్బగా తోచలేదు. ఒకే ఒంపు రోజంతా లాగుతుంటే తలలో చీమలు పాకినట్టు ఉండేదని తర్వాత చెప్పేవాడు.

యుద్ధం వచ్చింది. కొత్త గొట్టాలు దొరకలేదు, టైర్లు దొరకలేదు. జాఫర్ గిద్దలూరు స్టేషను ఎదురుగా దుకాణం మార్చినాడు. లాల్బీ వచ్చింది గానీ, ఇదే ఆఖరని చెప్పి వచ్చింది. ఆమె మాటే నిలిచింది. ఇక ఊరు మారలేదు. ఊరి లోపలే మూడు చోట్లకు మారినాడు. సీట్లు మార్చే పని మీద పడినాడు, తర్వాత పెడళ్ళ మీద. ఏదీ పూర్తిగా నచ్చేది కాదు. గడ్డం తెల్లబడింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నిత్యానందం రైల్లో సైకిలు వేసుకుని గిద్దలూరు దిగినాడు. విరిగిన గూడెముక చలికి సలుపుతోందని, పిడి కొంచెం పైకి పెట్టమని అడగడానికి వచ్చినాడు. జాఫర్ చాయ తెప్పించి, పానా తీసి, నట్టు వదులు చేసి ఎత్తినాడు. స్టేషను రోడ్డు మీద తొక్కించి చూసినాడు.

"ఎట్లుంది?"

"బాగుందన్నా. ఇది చాలు."

"ఎడమ భుజం ఎత్తుగా పెడతాండావు. దిగు."

మళ్ళీ వదులు చేసినాడు. మళ్ళీ తొక్కించినాడు. ఇంకోసారి దింపినాడు. ఈలోపల నిత్యానందం ఎక్కాల్సిన బండి కూత వేసి, స్టేషను దాటి కంభం వైపు పోయింది.

"బండి పాయె," అన్నాడు నిత్యానందం.

"పోనీ. రేపు ఇంకోటి వస్తాది," అన్నాడు జాఫర్. లాల్బీని కేకేసి, తమ్ముడికి కూడా అన్నం వండమని చెప్పి, మళ్ళీ సైకిలు దగ్గర వంగినాడు.